గుంట మధ్యలో మట్టిదిమ్మ

ఆ రోజుల్లో నాకు తెలియని విద్య లేదని నమ్మేవాడు లోకంలో ఒక్కడుండేవాడు, ఆ ఒక్కడూ నేనే. నరసరావుపేట బజార్లో మిరపకాయల కొట్టులో పెరిగినవాణ్ణి. బేరమాడకుండా దేవుడికి కొబ్బరికాయైనా కొనేవాణ్ణి కాను. అది డ్యామ్ కడుతున్న కాలం. విజయపురి సౌత్‌లో పెద్ద ఇంజనీరుగారు సరదాపడి కాలనీ వెనక చిన్న గోల్ఫు మైదానం వేయిస్తుంటే, అందులో ఇసుక గుంటలు తవ్వించే పని పట్టాను. (బంతి అందులో పడితే ఆడేవాడు అవస్థపడాలట. సొంత ఖర్చుతో అవస్థ తెచ్చుకునేవాళ్లను అప్పుడే చూశాను.) "ఒరేయ్, ఇది చెడగొట్టుకొచ్చావంటే ఇక జన్మంతా మన కొట్లో కాటా ముందే" అన్నాడు నాన్న.

వెల్దుర్తి నుంచి వచ్చిన మట్టిపని మేస్త్రీ తాడు పట్టి, మూలలు సరిచూసి, మొదటి గుంట నలుచదరంగా తవ్వించాడు. గోడలు నున్నగా, ఇసుక తాంబాళంలో పోసిన పిండిలా చదునుగా ఉంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇంజనీరుగారు వచ్చి చూసి టోపీ తీశారు. మెచ్చుకున్నారనుకున్నాను.

"ఏమయ్యా, ఎవరు పోయారు?" అన్నారు.

గుంట మనిషి తవ్వినట్టుండకూడదట. గాలీ వానా కొరికినట్టు అంచులు వంకర తిరగాలట, గడ్డి ఇసుకలోకి వాలాలట. పూడ్చేసి వెళ్లిపొమ్మన్నారు. మనిషి తవ్వినట్టు లేకపోతే నేను తవ్వించానని ఎవరు నమ్ముతారని నా బాధ. అంతలో ఆయన చూపు గుంట మధ్యలో ఆగింది. తవ్విన లోతు కొలవడానికి మేస్త్రీ అలవాటుగా వదిలేసిన మట్టిదిమ్మ, నెత్తిన గడ్డితో సహా అక్కడే ఉంది. ఇసుక పోసేముందు తీయించడం మరిచాను. ఇది ఎవరి ఆలోచన అని అడిగారు. మేస్త్రీ నోరు తెరిచేలోగా "నాదేనండి" అన్నాను.

"నీకు అందం పట్టే కన్నుందయ్యా. అంచులు సరిచేయించు, మిగతావీ నువ్వే చెయ్యి."

రెండో గుంటకి ఆ కన్ను వాడాను. దిమ్మను లడ్డూలా గుండ్రంగా చెక్కించి, చుట్టూ తెల్ల గులకరాళ్లు పేర్పించాను. ఆయన ఒక్క క్షణం చూసి, మనిషి చేసినట్టుందని తీసెయ్యమన్నారు. ఇలాంటిది ఇంకొకటి కనపడితే పని వేరేవాళ్లకిస్తానన్నారు.

మేస్త్రీ నన్ను పక్కకి పిలిచాడు. "అబ్బాయ్, చానా కష్టపడ్డావులే. ఆ చెట్టు కింద కూసో. నా లోతులు నేను కొలుచుకుంటా. ఆయనొచ్చినప్పుడు లేసి నిలబడు, అంతే."

కూర్చున్నాను. మిగతా గుంటలన్నీ ఇంజనీరుగారికి నచ్చాయి. ఆయన వచ్చినప్పుడల్లా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఒక కన్ను సగం మూసి నిలబడేవాణ్ణి. మెచ్చుకోలు నాకు దక్కుతుంటే మేస్త్రీ అటు తిరిగి పార కడుక్కునేవాడు, వీపు మాత్రం నవ్వుతూ ఊగేది. కొట్టు తప్పించుకున్న ఆ కుర్రాడంటే నాకిప్పటికీ ముచ్చటే. ఆ మైదానంలో వాడు సొంతంగా చేసిన పని ఆ నిలబడటం ఒక్కటే. అదైనా, చేసినట్టు లేకుండా చేశాడు.