ముక్కాలు జీబీ యాడ పాయె?

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నామంటే చాలు, ఊళ్లో ఒక మర్యాద ఉండేది. నిజంగా పని వచ్చా రాదా అని ఎవరూ గుచ్చి అడిగేవారు కాదు. ఆ మర్యాద పుణ్యమా అని కడపలో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే పనిలో చేరాను. యజమానిని అందరూ ఫ్లాష్ భాయ్ అనేవారు (నవ్వమని చెప్పేలోపే ఫ్లాష్ కొట్టేసేవాడు మరి). ఒక్కో పేజీ తెరుచుకోవడానికి కంప్యూటర్ ప్రాణం తీస్తుంటే, భాయ్ ముచ్చటపడి నాలుగు జీబీ మెమరీ వేయించాడు. తెర మీద మాత్రం మూడుంబావే కనిపించింది.

"ముక్కాలు జీబీ యాడ పాయె పాపా? అంగడోడు కొట్టేసినాడా?" అంటూ భాయ్ కొట్లాటకు లేచాడు.

"ఆయన తప్పు లేదు భాయ్. మనది ముప్పైరెండు బిట్ల విండోస్. ఎంత మెమరీ పెట్టినా అది వాడుకునేది ఇంతే. అరవైనాలుగు బిట్లది ఎక్కిస్తే మొత్తం వాడుకుంటుంది," అని నా డిప్లొమా అంతా గొంతులోకి తెచ్చుకుని చెప్పాను. ఎక్కించాను. నాలుగూ కనిపించాయి! భాయ్ పక్క అంగళ్లవాళ్లను పిలిచి చూపించి, అందరికీ టీలు పోయించాడు.

మర్నాడు పొద్దున్నే మైదుకూరు నుంచి ఒక అవ్వ వచ్చింది, మనవరాలి ఆల్బమ్ కోసం. తెల్లారితే పిల్ల అత్తగారింటికి పోతుందట. ప్రింట్ కొడితే ప్రింటర్ ఉలకదు, పలకదు. ఆ పాత ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఈ కొత్త విండోస్‌కు లేనే లేదు. నా మొహం చూసి భాయ్ తిట్టలేదు. "పాతదే ఎక్కించు పాపా. అవ్వా, నువ్వు ఇంగో టీ తాగు," అన్నాడు, అంతే.

మధ్యాహ్నానికి మళ్లీ మూడుంబావు, మళ్లీ అదే నత్తనడక. అవ్వ నా పక్కన చేరి, పేజీ మెల్లగా తెరుచుకుంటుంటే ఒక్కో మొహాన్నీ పలకరిస్తూ కూర్చుంది. ఒకచోట ఆగింది.

"ఈడ కొసన మా చెల్లెలు ఉండల్ల గదమ్మా, యాడ?"

పేజీ పొందిగ్గా ఉంటుందని ఆ మూల మనిషిని నేనే కత్తిరించేశాను. నసుగుతూ అదే చెప్పాను.

"మాకు శానా ఏండ్లుగా మాటల్లేవమ్మా. పిలవకపోయినా వచ్చి, ఆ కొసన నిలబడుకుండాది," అంది అవ్వ.

అసలు ఫోటో వెతికి ఆమెను మళ్లీ చేర్చాను. నిండా తెరుచుకునేదాకా ముగ్గురం కదలకుండా తెర వంకే చూశాం. నవ్వాలో వద్దో తేల్చుకోలేని మొహంతో ఒక ముసలామె కనిపించింది. అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "అదే, మా చెల్లెలు," అంది.

ఇప్పుడు నా కంప్యూటర్లో పేజీలు రెప్పపాటులో తెరుచుకుంటాయి. అయినా మూలనున్న మనిషిని కత్తిరించే ముందు "ఈమె ఎవరండీ?" అని అడుగుతాను, కొందరు విసుక్కుంటారు కూడా. ఆ స్టూడియో కుర్చీలో, అన్నీ తెలుసన్న ధీమాతో కూర్చున్న పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పాపం, ఎంత ముద్దుగా ఉండిందో.