లోపలి ముడి

“నొప్పుండదమ్మా, అదే దాని గుణం. మొదటిసారి బియ్యం సెరుగుతన్నాను. కాళ్లెంట తడి తగిల్తే నీళ్లొలికాయనుకున్నాను,” అంది పైడమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

గడపలో కూర్చున్న సుశీల వింటోంది. ఆమె చెల్లెలు మేరీకి కడుపు జారిపోకుండా నిన్ననే గర్భసంచి మూతికి కుట్టు వేశారు. రాయపూర్‌లో దాన్ని అందరూ టాంకా అంటారు. “మా అత్తకి చెప్పొద్దక్కా” అని మేరీ ఒట్టు వేయించుకుంది. చెప్పాలా వద్దా అని అడుగుదామనే సుశీల పైడమ్మ పిన్ని ఉండే ఈ రైల్వే క్వార్టర్‌కి వచ్చింది.

పైడమ్మకు అప్పట్లో మూడు కడుపులు అలాగే, అయిదో నెల దాటకుండా జారిపోయాయి. నాలుగోసారి డాక్టరమ్మ మూడో నెలలోనే కుట్టు వేసింది. నెలలు నిండాక విప్పుతానని, ఈలోగా నొప్పులొస్తే వెంటనే వచ్చి కోయించుకోకపోతే లోపల చిరిగిపోతుందని చెప్పి పంపింది. వ్యాగన్ షాపులో ఫిట్టరైన భర్త నూకరాజు మంచానికి కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు. అత్త వరహాలమ్మకు మాత్రం బలానికి సూది వేశారన్నారు. ఒంట్లో దారం ఉందంటే ఆవిడ ఊరుకోదని భయం.

పైడమ్మ రేకుల కప్పు చూస్తూ పడుకుంది. బిడ్డ కదిలితే, పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపినట్టు వినేది. పేరు తలుచుకోలేదు. పాత చీర చింపి పొత్తిగుడ్డలు చేసుకోలేదు.

కుట్టు విప్పించుకోవలసిన వారానికి ముందే, ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. నూకరాజు డ్యూటీలో ఉన్నాడు. వరహాలమ్మ మంత్రసానికి కబురంపి, ఇంట్లో ముడులన్నీ విప్పడం మొదలుపెట్టింది. ఎక్కడ ముడి ఉన్నా పురుడు అడ్డం పడుతుందని వాళ్ల వైపు నమ్మకం. కోడలి జడ, మొలతాడు, పప్పు మూటలు, దండెం, చివరికి మేక మెడలో తాడు. మేక వీధిలోకి నడిచిపోయింది. పైడమ్మ దాన్నే చూస్తూ ఉంది. టాంకా మాట నోటిదాకా రాలేదు. ఇదీ పోయేదేగా అనిపించింది.

“ఇంకేటైనా ముడి ఉండిపోనాదేటే?” అంది వరహాలమ్మ, ట్రంకుపెట్టె మూత తెరుస్తూ.

“లోపలొకటుందత్తా.”

“ఏ లోపలే?”

చెప్పింది. వరహాలమ్మ పెట్టె అలాగే వదిలేసింది.

“సూదని సెప్పి నన్ను ఎర్రిదాన్ని సేసినారు. తిట్లు తరవాత. లెగు.”

రిక్షాలో తీసుకెళ్లింది. ఆస్పత్రిలో కనబడ్డ ప్రతివాళ్లకీ, నేల తుడిచే మనిషికి కూడా, “అందర్ గాంఠ్ హై, పహలే ఓ ఖోలో”, లోపల ముడుంది, ముందది విప్పండి అని చెప్పింది. కుట్టు కోశారు. ఆడపిల్ల పుట్టింది.

“బతికుందన్నారు. సరే అన్నాను. అంతే. నవ్వూ రానేదు, ఏడుపూ రానేదు. అది పాకుతా వచ్చి నా కొంగట్టుకు లాగినప్పుడు దాని మొగం సరిగ్గా సూసినాను,” అంది పైడమ్మ.

“మేక దొరికిందా పిన్నీ?”

“నేదు. ‘మాయమ్మ మేకనిచ్చి మనవరాల్ని తెచ్చుకుంది’ అని మీ బాబాయి ఇప్పటికీ అంటాడు.”

సుశీల నవ్వింది. పైడమ్మ ఇంకో కాయ తీసుకుంది.

“ఆ వేళకి మేరీ నోరిప్పదు. నాకు తెల్సు. మా అత్త అడిగింది గనక సరిపోనాది. అందరత్తలూ అడగరు. ఒట్టు సంగతి నా మీదెయ్యి. ఇప్పుడే గుఢియారీలో ఆలింటికెల్లి ఆలత్తకి సెప్పు. పెరట్లో ఇటకలున్నాయి, అవీ అట్టుకెల్లు. కాళ్లేపు పెట్టాల, తలేపు కాదు. తిరిగొచ్చినాక టీ తాగుదువులే.”