ఫౌంటెన్ కుడి పక్కనే ఉండాలి

రియాద్‌లో మంచం మీద కూర్చుని, జర్మనీలో ఉన్న ఒక నర్సమ్మకి దారి చెప్పి, ఆమె పరీక్ష పోగొట్టాను. నేనెన్నడూ జర్మనీ వెళ్ళలేదు. ఆమె దారి తెలియక నన్ను అడగనూ లేదు. నేనే చెప్పాను.

ఇంత చెప్పాక ఇక దాచేదేముంది. జరిగిన సర్వనాశనాన్ని వరసగా చెబుతాను, నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు అరవై దాటాయంతే. ఇప్పటి తెలివితో చూస్తే కుర్రతనమే. మాది కడప దగ్గర పల్లె. ఐదో తరగతిలో బడి నన్ను వదిలేసింది గాని నేను చదువును వదల్లేదు. ఇంగ్లీషు మందుల డబ్బాల మీద నేర్చుకున్నాను, అరబ్బీ రోడ్డు బోర్డుల మీద, మిగతా ప్రపంచ జ్ఞానమంతా ఫోనులో. బడికి వెళ్ళినవాళ్ళకి తెలియని సంగతులు నాకు తెలుసని చెప్పుకోవడానికి ఎన్నడూ మొహమాటపడలేదు. చదవక ముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అంటారు. నేను చదవకుండానే కీకరకాయ దాకా వెళ్ళినవాణ్ణి.

బతుకు తెరువు బస్సు. ఒక ఆస్పత్రి నర్సుల్ని హాస్టల్ నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి హాస్టల్‌కి తిప్పేవాణ్ణి. రియాద్‌లో ఫ్లైఓవర్లు పుట్టకముందు నుంచి ఆ దారులు నా తలలో ఉన్నాయి. ఫోనులో దారి చెప్పే ఆ ఆడగొంతును నా బస్సులో నోరెత్తనిచ్చేవాణ్ణి కాదు. నిన్నగాక మొన్న పుట్టిన గొంతు నాకు మలుపులు నేర్పడమేమిటి?

ఇంతలో ఒంట్లో షుగర్ చేరింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. ఆయనకేం, ఏసీ గదిలో కూర్చుని అంటాడు. ఎండాకాలం రియాద్‌లో బయట నడవడమంటే పెనం మీద రొట్టె పొర్లినట్టే. అందుకని మలాజ్‌లో మా బిల్డింగు వరండాలోనే ఆ చివర నుంచి ఈ చివరకి తిరగడం మొదలుపెట్టాను. వట్టిగా తిరిగితే విసుగు కాబట్టి చేతిలో ఫోను. ఫోనులో, ఎవరో పుణ్యాత్ముడు కెమెరా పట్టుకుని జర్మనీ పాత ఊళ్ళలో నడుస్తూ తీసిన వీడియోలు. మాటల్లేవు, పాటల్లేవు. అడుగుల చప్పుడు, రాళ్ళు పరిచిన సందులు, చెక్క దూలాల ఇళ్ళు, కిటికీల్లో ఎర్ర పూలు, మధ్యమధ్య ఒక కోట. అతను అక్కడ నడుస్తాడు, నేను ఇక్కడ నడుస్తాను. అతను సంత మైదానంలోకి మలుపు తిరిగేసరికి నేను వరండా చివర గ్యాస్ సిలిండరుకి గుద్దుకునేవాణ్ణి. పక్క గది బంగ్లాదేశీలు నన్ను చూస్తే గోడకి ఆనుకుని దారిచ్చేవాళ్ళు, కోటలోకి రాజు వెళుతున్నట్టు.

నా గదిలో ఉండేవాడు ఖాజా. హైదరాబాదీ, కింద చిన్న బకాలా నడుపుతాడు. పప్పులూ సబ్బులూ అమ్ముకునే కొట్టు అది, కాని పొద్దుగూకితే నాకు ఉపన్యాస వేదిక. "సాబ్, ఇయ్యాల ఏ ఊరికి పోయొచ్చినవ్?" అని వాడు అడగడం, నేను చెప్పడం. బేరానికొచ్చినవాళ్ళు నన్ను జర్మనీలో పనిచేసి వచ్చినవాడనుకునేవాళ్ళు. కాదని నేను ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు ఎస్తేరు సంగతి. నరసాపురం వైపు అమ్మాయి. ఆరేళ్ళు నా బస్సులో డ్యూటీకి వెళ్ళింది, నన్ను బాబాయ్ అనేది. జర్మన్ భాష నేర్చుకుని అక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. భర్త దానియేలు, వాళ్ళ పాప రియాద్‌లోనే ఉండిపోయారు. అక్కడికి వెళ్ళాక ఇంకొక పరీక్ష పాసైతేనే ఆమెని పూర్తి నర్సుగా ఒప్పుకుంటారు. అప్పుడే భర్తనీ బిడ్డనీ పిలిపించుకోగలదు. ఇక్కడ దానియేలు కంపెనీ మూతపడుతోంది, వీసా రద్దుచేసి ఇంటికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ తలమీద వేలాడుతోంది. పరీక్ష అయితే ఆ ఇద్దరూ రియాద్ నుంచి నేరుగా జర్మనీకి. కాకపోతే నరసాపురానికి, ఎన్నాళ్ళో తెలియకుండా.

ఆ పరీక్ష ఆమె ఉన్న చోట కాదు, రైల్లో వెళ్ళాల్సిన ఒక పాత ఊళ్ళో. ఆ ఊరి పేరు చెప్పను. ఊరి తప్పేమీ లేదు, పైగా ఆ పేరు నా నోరు తిరగదు. ఎస్తేరు ఆ ఊరి పేరు రాసి పంపగానే నేను వీడియో వెతికి పట్టాను. బ్రహ్మాండమైన ఊరు. స్టేషన్ నుంచి తిన్నగా పాత కోట గుమ్మం, లోపల సంత మైదానం, కుడి పక్కన ఫౌంటెన్, అక్కడ కుడికి తిరిగి మెట్ల సందు ఎక్కితే పెద్ద చర్చి, దాని వెనక పరీక్ష జరిగే పసుపు మేడ. వరండాలో ఆ ఊరు తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి.

ఆ ఊరి వింతలు ఖాజా కొట్లో వివరించాను. మిగతా జర్మనీలో అందరూ కుడి చేత్తో తింటే, ఈ ఊళ్ళో ఎడమ చేత్తో ఐస్‌క్రీం తింటారు. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంది గాని, ఏ ఊరి ఆచారం ఆ ఊరిది అని సరిపెట్టుకున్నాను. బోర్డుల మీద అక్షరాలు అవతలి వైపుకి తిరిగి ఉన్నాయి. పాత ఊరు కదా, పాత లిపి. పూర్వం వాళ్ళూ అరబ్బుల్లాగే కుడి నుంచి ఎడమకి రాసేవాళ్ళని తేల్చేశాను. ఒకే ఒక వ్యాను కనిపించింది, అది మన దేశంలోలాగా ఎడమ పక్కన పోతోంది. దాన్నీ మెచ్చుకున్నాను. బతుకంతా స్టీరింగు పట్టినవాణ్ణి, కళ్ళముందు బండి తప్పు పక్కన పోతుంటే మెచ్చుకున్నాను.

పరీక్ష రోజు శుక్రవారం. నాకు సెలవు. ఎస్తేరు రైలు దిగి ఫోన్ చేసింది, దారి కోసం కాదు, గుండె దడగా ఉందని. కాస్త ముందే వచ్చింది. స్టేషన్ బయట బస్సుందట, నేరుగా పరీక్ష మేడ ముందు దింపుతుందట, ఎక్కేస్తానంది.

వద్దన్నాను. బస్సు తోలి కడుపు నింపుకున్నవాణ్ణి, బస్సెక్కొద్దని చెప్పాను. బస్సెక్కితే ఊరేం కనబడుతుంది, పరీక్ష ముందు నాలుగు అందమైన సందులు చూస్తే మనసు తేలికపడుతుంది, నేను పక్కనుండి నడిపిస్తానన్నాను. ఆమె కాసేపు నసిగింది. మ్యాప్ పెట్టుకుంటానంది. నాకు పౌరుషమొచ్చింది.

"ఆరేండ్లలో నిన్ను ఒక్కనాడన్నా డ్యూటీకి లేటు చేసినానా ఎస్తేరమ్మా?"

"లేదు బాబాయ్," అంది పాపం. "సరే, చెప్పండి."

కోట గుమ్మం దాకా అంతా నేను చెప్పినట్టే వచ్చింది. తిన్నని దారి కదా, దాన్ని చెడగొట్టడం నావల్ల కూడా కాలేదు. సంత మైదానంలో మొదలైంది గొడవ.

"బాబాయ్, ఫౌంటెన్ ఎడం పక్కనుందండీ."

"ఎడమ పక్క ఎట్ల ఉంటాది? కుడి పక్కనే ఉండాల. నువ్వు తిరిగి నిలబడినావేమో చూడు."

"తిన్నగానే ఉన్నాను బాబాయ్."

"అట్లయితే మున్సిపాలిటీవాళ్ళు మార్చినట్టుండారు."

"దీని మీద వందల ఏళ్ళ నాటిదని రాసుంది బాబాయ్."

"రాసినోనికేం పోయింది. నువ్వు కుడికి తిరుగు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ రోజు నాకు ఊరే లోకువైపోయింది. ఆమె కుడికి తిరిగింది. నేను గుర్తులు చెబుతూ పోయాను. మూలమీద చెక్క ఇల్లు ఉండాలి, కిటికీలో ఎర్ర పూలుండాలి. ఉన్నాయంది. చూశావా అన్నాను. అయ్యా, ఆ ఊళ్ళో ఏ మూల తిరిగినా చెక్క ఇల్లే, ఏ కిటికీ చూసినా ఎర్ర పూలే. నరసాపురంలో కొబ్బరి చెట్టు గుర్తు చెప్పినట్టు నేను చెబుతున్నాను, ఆమె పాపం నమ్ముతోంది.

"ఇప్పుడు మెట్లొస్తాయి. ఎక్కు," అన్నాను.

"మెట్లున్నాయి గానీ కిందకి దిగుతున్నాయి బాబాయ్."

"దిగే మెట్లూ ఎక్కే మెట్లూ ఒకటే కదమ్మా. మనం యాడ నిలబడినామనేదే తేడా."

ఈ వేదాంతం నా నోట్లోంచి వచ్చిందంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు. ఆమె దిగింది. బూట్ల చప్పుడు నాకు వినబడుతూనే ఉంది, ముందు నిదానంగా, తర్వాత గబగబా. తర్వాత ఆగిపోయింది.

"బాబాయ్, ఎదురుగా నది ఉంది. బాతులున్నాయి."

నా వీడియోలో నది లేదు. బాతులు అసలే లేవు. "నది ఉండగూడదే," అన్నాను, ఆమె తెచ్చిపెట్టినట్టు.

అప్పుడు ఫోనులోంచి గంట మోగింది. పెద్ద చర్చి గంట. ఎక్కడో దూరంగా, పైన, ఆమె వీపు వెనక. పరీక్ష మొదలయ్యే వేళకి కొట్టే గంట అదేనని ఆమెకి తెలుసు. నాకు తెలియదు. "ఎంత బాగ మోగుతాండాదో విను," అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత సంగతి నాకు దానియేలు చెప్పాడు. మ్యాప్ పెట్టుకుని పరుగెత్తుకుంటూ పైకి వెళ్ళిందట. తలుపు వేసేశారట. లోపలి ఆవిడ అద్దంలోంచి గడియారం చూపించి, తల అడ్డంగా ఊపిందట. మళ్ళీ తేదీ ఎప్పుడంటే రాసి తెలియజేస్తామన్నారట. ఇంతా చెప్పి అతను ఒకే ప్రశ్న అడిగాడు. "మాబూ భాయ్, మీరా ఊరు ఎప్పుడెళ్ళారండీ?"

నేను జుమ్మా నమాజుకి టైమైందని చెప్పి తప్పించుకున్నాను. మసీదులో ఇమాం ఏం చెప్పాడో ఒక్క ముక్క చెవిన పడలేదు. బాతులు అరుస్తున్నాయి.

గదికొచ్చి ఖాజాకి వీడియో చూపించాను, ఊరే తప్పని రుజువు చేయడానికి. వాడు గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప మీద నురగ, ఒక చేతిలో బ్లేడు. ఓ చూపు చూసి, నా చేతిలోంచి ఫోను లాక్కుని అద్దానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"ఇగో, అద్దంల చూడు సాబ్."

చూశాను. అద్దంలో అక్షరాలు చక్కగా నిలబడ్డాయి. జనం కుడి చేత్తో ఐస్‌క్రీం తింటున్నారు. వ్యాను బుద్ధిగా కుడి పక్కన పోతోంది. ఫౌంటెన్ ఎడమ పక్కన ఉంది.

ఎవడో దొంగ, ఇంకొకడి నడక వీడియోని ఎత్తుకొచ్చి, పట్టుబడకుండా కుడిఎడమలు తిరగేసి తన పేరన పెట్టుకున్నాడట. అట్లా చేస్తారని ఖాజాకి తెలుసు, పప్పులమ్మేవాడికి తెలుసు, నాకు తెలియదు. చెప్పులు దొంగిలించేవాళ్ళని చూశాను, డీజిల్ దొంగిలించేవాళ్ళని చూశాను. నడక దొంగిలించేవాణ్ణి అదే వినడం. ఆ పూటంతా వాణ్ణి తెలుగులో, ఉర్దూలో, అరబ్బీలో తిట్టాను. తిట్లయిపోయాక చూస్తే గదిలో నేనొక్కణ్ణే మిగిలాను. దూరపు కొండలు నునుపంటారు. నునుపు సరే, తిరగేసి కూడా ఉంటాయని ఏ పెద్దవాడూ చెప్పి చావలేదు.

కొత్త తేదీ రాకముందే దానియేలు కంపెనీ తాళం వేసింది. ఎగ్జిట్ కొట్టేశారు. తండ్రీ కూతుళ్ళని ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళతానన్నాను. అతను వద్దనలేదు, మర్యాదస్తుడు. ముందు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఫోను తీసి మ్యాప్ తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను తల నెరిసేదాకా తోలిన ఎయిర్‌పోర్టు రోడ్డు. ఆ ఆడగొంతు కుడికి తిరగమంది, తిరిగాను. తిన్నగా పొమ్మంది, పోయాను. దారంతా మా ముగ్గురి మధ్యా మాట్లాడింది అదొక్కటే. వెనక సీట్లో పాప వాళ్ళమ్మ పంపిన గులాబీ స్వెట్టరు వేసుకుని చెమటలు కక్కుతోంది. జర్మనీ చలికని కొన్న స్వెట్టరు, నరసాపురం వెళుతోంది.

ఎస్తేరుకి ఎన్ని మెసేజీలు పెట్టానో. గొంతు రికార్డు చేసి పంపాను. అద్దం సంగతి వివరంగా చెప్పాను. చదివినట్టు గుర్తు పడేది, జవాబు పడేది కాదు. తిట్టినా బాగుండేది, తిట్టు అందుకునే అర్హత అయినా మిగిలిందనుకునేవాణ్ణి. వరండాలో నడక మానేశాను, షుగర్ పెరిగింది. డాక్టరు నన్ను తిట్టాడు. అతనొక్కడే తిట్టాడు.

అందుచేత అందరి ముందూ ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా సొంత కాళ్ళతో తొక్కని ఊళ్ళో, ఎదురింటికైనా సరే, ఎవరికీ దారి చెప్పను. దిగే మెట్లని ఎక్కమనను. ఒకడు బస్సెక్కుతానంటే టికెట్టు నేనే కొనిస్తాను. ఫౌంటెన్ ఏ పక్కన ఉందని ఊరు చెబితే ఆ పక్కనే ఉందని ఒప్పుకుంటాను. ఈ మాట తప్పితే నా లైసెన్సు రద్దయిపోవుగాక.

నిరుటి చలికాలంలో, ఆశ వదిలేసుకున్నాక, జవాబొచ్చింది. ఇది, ఉన్నదున్నట్టు:

"బాబాయ్, పరీక్ష పాసయ్యాను. దానియేలుకీ పాపకీ వీసాలొచ్చాయి, ఆదివారం వచ్చేస్తున్నారు. మీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది. పరీక్ష అయ్యాక ఆ ఊరంతా ఒక్కదాన్నే తిరిగాను. మీరు చెప్పినవన్నీ ఉన్నాయి, అవతలి పక్కన."