అడుగు గిన్నె

నడికుడి స్టేషన్లో గుంటూరు బండి కోసం ఎదురుచూస్తూ ల్యాప్‌టాప్ తెరిచాను. పక్కన క్యారియర్ విప్పి అన్నం తింటున్న క్వారీ కూలీ ఆవిడ, "ఏంది అమ్మాయ్ ఆ పని?" అంది.

"లాజిక్ ప్రోగ్రాముల్ని మిషను భాషలోకి మార్చే కంపైలర్ రాస్తున్నాను పిన్నీ. ప్రోగ్రాము నడవకముందే, ఇక ఎవరూ చూడని మెమరీ గడులు కనిపెట్టి, కొత్త సమాచారం వాటిలోనే పెడుతుంది."

"ఎవురూ చూడరని ముందే ఎట్టా తెలుసుద్ది?"

"ప్రోగ్రామంతా వెతుకుతుంది. ఎక్కడా అవసరం లేకపోతే ఖాళీ అంటుంది."

ఆవిడ క్యారియర్ మీద మగమనిషి పేరు చెక్కి ఉంది. పై గిన్నెలోనే అన్నమూ పచ్చడీ తెచ్చుకుంది. అడుగు గిన్నె కడిగి ఉంది, అందులో ఏమీ లేదు.

నేను చూడటం గమనించింది. "ఇది మా ఆయన గిన్నె. క్వారీలో రాయి మీద పడి చనిపోయాడు," అంటూ దాన్ని మళ్ళీ అడుగునే అమర్చింది. "నీ మిషను దీన్ని ఖాళీ అనుద్దా?"

నిజానికి అంటుంది. అనదని చెప్పాను.