సూదక్క తెరిచిన డిజైన్లు

ఎంబ్రాయిడరీ కార్ఖానాలో అందరూ ఆమెను సూదక్క అనేవారు. యజమాని స్వయానా ఆమె అన్న. భర్త పోయాక దిక్కు తోచక వస్తే, "ఇది మనిద్దరిదీ, ఏడుస్తూ కూర్చోకు" అని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. కాగితం మీద గీసిన పువ్వును కుట్టు వెంట కుట్టుగా డిజైన్ ఫైలులోకి ఎక్కించడం ఆమె పని. దాన్ని ఫ్లాపీ అనే చదరపు ప్లాస్టిక్ బిళ్ళలో వేసి మిషన్‌కి పెడితే సూదులన్నీ ఒక్క ఊపున లేచేవి.

ఏళ్ళు గడిచాక అన్న కొత్త మిషన్ కొన్నాడు. అది పాత ఫైళ్ళ మొహం కూడా చూడలేదు. ఆ డిజైన్లు తెరిచే ప్రోగ్రాం అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కంప్యూటర్లు బాగుచేసే అతను పెదవి విరిచాడు.

"మళ్ళీ మొదట్నుంచీ గీసుకోవడమే అక్కా."

"లోపల ఏముందో చూపించు ముందు."

చూపించాడు. తెర నిండా అంకెలే. "నాకైతే చీమల బారులా ఉంది" అన్నాడతను.

ఆ ప్రోగ్రాం ఉన్న పాత కంప్యూటర్ ఇంకా కొనఊపిరితో ఉంది. సూదక్క దాని మీద ఒకే ఒక్క కుట్టుతో డిజైన్ చేసి, అంకెలు చూసింది. ఆ కుట్టును కాస్త పొడిగించింది. ఒక అంకె పెరిగింది. దారం రంగు మార్చింది. మధ్యలో కొత్త అంకె వచ్చి కూర్చుంది. అలా ఒక్కొక్కటే పట్టుకుని ఆమె చెబుతుంటే, పాత ఫైళ్ళను కొత్త మిషన్‌కి అర్థమయ్యేలా మార్చే చిన్న ప్రోగ్రాం అతను రాశాడు. కొత్త మిషన్ మీద మొదటి గులాబీ తలకిందులుగా పడింది. పైకీ కిందికీ తేడా పట్టుకోలేదని ఇద్దరూ పడీపడీ నవ్వారు. రెండోసారి నిటారుగా వచ్చింది. ఆ గుడ్డను ఆమె చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది.

డిజైన్లన్నీ తెరుచుకున్న కొద్దిరోజులకే, అన్నం తింటూ అన్న చెప్పాడు. "కార్ఖానా పెద్ద కంపెనీకి అమ్మేశాను."

"డిజైన్లు?"

"వాటి కోసమే కొన్నారు. నువ్వు తెరవకపోయుంటే కార్ఖానా పాత ఇనుము కింద పోయేది." అతను మెచ్చుకోలుగానే అన్నాడు.

"మనిద్దరిదీ అన్నావుగా అన్నయ్యా. ఒక్క మాట అడగాలనిపించలేదా?"

"ఇన్నాళ్ళూ నీడనిస్తే ఇదా?" అంది వడ్డిస్తున్న వదిన. అన్న మజ్జిగ పోసుకుని కలుపుకున్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఏమిటో సూదక్కకు ఆ పూట తెలిసింది. పెట్టె సర్దుకుని ఒంటి గది అద్దెకు తీసుకుంది.

తర్వాత ఆ కంపెనీకే పని కోసం వెళ్ళింది. "మీరు కొన్నవన్నీ నేను గీసినవే" అంది మేనేజర్‌తో.

"మీ అన్నగారు తానే గీశానన్నారే!"

"ఆయనకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."

అతను జోకనుకుని నవ్వాడు. డిజైన్ గదిలో ఖాళీ లేదన్నాడు. కుట్టాక మిగిలిన దారప్పోగులు కత్తిరించే పని ఇచ్చాడు. కాదనే స్తోమత ఆమెకు లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గర పోగులు కత్తిరిస్తుంటే అన్న ఫోన్ చేశాడు. "ఇంకో పెట్టెడు ఫ్లాపీలు దొరికాయి, తెరుచుకుంటే కంపెనీ వాటినీ కొంటుంది. వేరే రకం ఫైళ్ళట, ఎవరివల్లా కావట్లేదు. నువ్వైతే..."

"నాకు చేతనవును అన్నయ్యా," అంది సూదక్క, "చెయ్యను."

ఫోన్ పెట్టేశాక మనసు తేలికపడుతుందనుకుంది. పడలేదు. అప్పటికే బల్ల మీద మరో గుడ్డల కట్ట వచ్చి పడింది.