సీలు తియ్యని నీళ్లు

ఆ ఊరు గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే రోత.

తుపాను వానకు కంభం దగ్గర ఒక ఊళ్లో ఇళ్లు కూలినాయి. తిరిగి కట్టిస్తామని మేం పదిమందిమి పెద్ద సేవకుల మాదిరి పోయినాం. ఎస్సీ కాలనీలో, చర్చి వెనక, ఒంటరి ముసలామె ఇంటికి ఇటుకలు మోసినాం. మధ్యాహ్నం ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. నాలుకలు పిడచకట్టుకుపోతున్నా ఒకడు దాహం లేదన్నాడు, ఇంకొకడు గొంతు బాగాలేదన్నాడు. నేను ఫోన్ చూసుకుంటా పక్కకు జరిగినాను. ఆమె చెంబు వెనక్కి తీసుకుపోయింది.

మర్నాడు దుకాణంలో బాటిళ్లు కొనుక్కొచ్చి మేం కడుతున్న గోడ మీద పెట్టింది.

"సీలు తియ్యలేదు నాయనా, తాగండి."

అందరికన్నా ముందు చెయ్యి చాపింది నేనే.