సంతకం మీద నేనిచ్చిన భరోసా

ఈ మధ్య ఏ పని మీదా మనసు నిలవడం లేదు. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో కొనుగోళ్లు చూస్తాను; చెరువు గట్ల మీద తిరగడమే నా ఉద్యోగం. అలాంటిది, ఒక్క గట్టు తప్పించుకోవడానికి కాలవ చుట్టూ తిరిగి పోతూ వచ్చాను.

ఆ గట్టున్న చెరువు నాకంటే వయసులో కాస్త పెద్దావిడది. అక్కగారూ అని పిలుస్తాను. కొన్నేళ్ల కిందట ఎవడో దళారీ, వాడకూడని మందులు వాడిన రొయ్యల్ని ఆవిడ చెరువు పేరు చెప్పి అమ్మాడు. తప్పు ఆవిడది కాదని తేలేలోపు ఆవిడ పంట కొన్నవాళ్లు లేరు. అందుకే, ఏ రొయ్యలు ఏ చెరువువో ఎవరూ దిద్దలేకుండా రాసిపెట్టే లెక్కని మా ప్లాంటు బ్లాక్‌చెయిన్ పెట్టినప్పుడు ఒక్కటే అడిగింది: "నా పేరు ఇంకోడు పెట్టలేడు కదండీ?"

"దేవుడు దిగొచ్చినా పెట్టలేడండి" అన్నాను.

తెలిసి అన్నది కాదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల మాటనే ఇంకొంచెం గట్టిగా అన్నాను. ఆవిడ చేరింది. చెరువులో సీడు, అంటే రొయ్యపిల్లలు, వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా ప్రతి వివరం ఫోనులో డిజిటల్ సంతకంతో పంపుతోంది. ఆవిడను చూసి పక్క చెరువులవాళ్లూ చేరారు.

ఆమధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సభకు వెళ్లాను. అక్కడ మాట్లాడినాయన చెప్పింది ఇది. ఇలాంటి సంతకానికి రెండు తాళంచెవులు. ఒకటి ఫోనులో దాగి ఉంటుంది, రెండోది అందరికీ కనిపిస్తుంది. కనిపించేదాన్ని బట్టి దాగినదాన్ని లెక్కగట్టడం ఇప్పటి కంప్యూటర్ల వల్ల కాదు. క్వాంటం కంప్యూటర్లనే కొత్త మిషన్లు తగినంత పెద్దవైతే లెక్కగట్టేస్తాయి. అప్పుడు ఎవరి పేరుతోనైనా సంతకం పెట్టొచ్చు. వాటికి లొంగని కొత్త రకం సంతకాలు వచ్చాయి గానీ, ముందుగానే మారాలి.

నేను చప్పట్లు కొట్టి, కాఫీ తాగి వచ్చేశాను. ప్లాంటు ఓనరుగారికి చెబితే "అదొచ్చినప్పుడు చూద్దాంలే, రైతుల్ని బెదరగొట్టకు" అన్నారు. ఆ క్షణాన హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే రోత పుట్టేది.

నిన్న బండి ఆవిడ గట్టు మీదకే తిప్పాను.

"ఏంటండీ తమ్ముడుగారూ, దారి మర్చిపోయారనుకున్నాం! చుట్టూ తిరిగితే పెట్రోలు డబ్బులు ప్లాంటువాళ్లిస్తారేంటి?" అంది. అంతా చూసిందన్నమాట.

బండి దిగి, నిలబడే మొత్తం చెప్పాను. చేతులకంటిన మేత దులుపుకుంటూ వింది.

"ఆ మిషను వచ్చేసిందా?"

"అంత పెద్దది ఇంకా రాలేదండి."

"ఎప్పుడొస్తాదంట?"

"తెలీదండి. చెప్పినాయనకే తెలీదు. నేనే ఆ రోజు అన్నీ తెలిసినట్టు మాట్లాడేశాను."

"మాట మీదండి. పేరు నాదండి." గొంతు పెంచలేదు. "మరి కొత్త సంతకం ఎప్పుడిస్తారు?"

ఓనరుగారు అన్నది చెప్పక తప్పలేదు.

"ఆయనకి ఫోన్ కలపండి. స్పీకర్లో పెట్టండి."

కలిపాను. "అక్కగారికి చెప్పేశానండి. మిగతా రైతులకీ చెబుతాను. సంతకాలు మార్చేదాకా ఇది భద్రమని నా నోటితో అననండి" అన్నాను.

"సోమవారం ఆఫీసుకు రా, మాట్లాడదాం" అన్నారాయన.

"నేనూ వస్తానండి, ఆయ్!" అంది ఆవిడ, ఫోను మీదకు వంగి.

ఆ మాటకు నాకు ధైర్యం రావాల్సింది. ఆవిడ ముందు ఓనరుగారు నన్నేమంటారో అన్న దిగులే ముందొచ్చింది.